మా పక్కింటి దొంగల ప్లీడరు

మా ఇంటికీ ప్లీడరు గారింటికీ మధ్య ఉన్నది ఒక్కటే గోడ. ఆ గోడ కట్టిన మేస్త్రి ఇటుకలు ఎక్కడ మిగుల్చుకున్నాడో గానీ, ఆయన అటు దగ్గితే ఇటు మా ఆయన "మందేసుకోవయ్యా" అంటాడు. అందుకని ఆయన గురించి నాకు తెలిసినంత ఆయన కన్నతల్లికి కూడా తెలిసుండదు. ఇందులో నా తప్పేం లేదు. గోడ పలచన, అంతే.

వీధిలో అందరూ ఆయన్ని దొంగల ప్లీడరు అంటారు. స్థలాల తగాదాలు, విడాకులు, వీలునామాలు ఆయన ముట్టుకోడు. దొంగతనం, కొట్లాట, మోసం, అప్పుడో ఇప్పుడో ఒక హత్య. ఎవరి మీద కేసు పడిందో వాడి పక్కన నిలబడటమే ఆయన పని. ఒకసారి సర్కారు తరఫున వాదించే ఉద్యోగం వెతుక్కుంటూ ఇంటికొస్తే వద్దన్నాడు. ఆయన భార్య, నాకు వరసకి మరదలు, బళ్ళో లెక్కలు చెబుతుంది. ఆ వారమంతా ఇంట్లో కూడా చెప్పింది. గిన్నెల చప్పుడుని బట్టి నాకు అర్థమవుతూనే ఉంది.

నేను ఉండబట్టలేక గేటు దగ్గర పట్టుకున్నాను. "ఎందుకు తమ్ముడూ వద్దన్నావు? దర్జాగా ఉండేదిగా!"

"అటువైపు నిలబడటానికి చాలామంది ఉన్నారక్కయ్యా. పోలీసులు, సాక్షులు, వీధిలో వాళ్ళు. ఇటువైపు చూస్తే మనిషి ఒక్కడే ఉంటాడు."

"ఆ ఒక్కడూ దొంగే అయితే?"

"దొంగైనా ఒక్కడేగా" అని స్కూటరెక్కి వెళ్ళిపోయాడు.

వాళ్ళ నాన్న కోర్టు బయట రేకుల షెడ్డులో టైపు మిషను పెట్టుకుని అర్జీలు కొట్టేవాడట. బడి లేని రోజుల్లో ఈయన ఆ మిషను పక్కన కూర్చునేవాడట. జనం వగరుస్తూ వచ్చి, "వాడు నన్ను నానా మాటలన్నాడు, రాయండి" అనేవాళ్ళు. ఆయన వేళ్ళు మిషను మీద పెట్టేవాడు కాదు. "రాస్తాను. అంతకుముందు నువ్వేమన్నావు?" అనేవాడు. సగంమంది అక్కడే చల్లబడి ఇంటికి పోయేవాళ్ళట. "మా నాన్న కొట్టిన అర్జీల కంటే కొట్టనివే ఎక్కువక్కయ్యా" అని నవ్వుతాడు తమ్ముడు. ఆ అలవాటే ఈయనకీ వచ్చింది. ఎవరేం చెప్పినా, "ఆ మాటకి ముందు మాటేంటి?" అంటాడు. జవాబు చెబితే ప్రశ్న చూపించమంటాడు.

అది కోర్టులో బాగానే ఉంటుందేమో. భోజనాల దగ్గర వినాలి.

"కూరలో ఉప్పెక్కువైందా?" అంటుంది మరదలు.

"ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు, నేనే అడుగుతున్నా."

"అడిగావంటే అనుమానం ముందు నీకే వచ్చిందన్నమాట. ఎందుకొచ్చింది?"

"తింటారా, కంచం తీసెయ్యనా?"

ఇవతల మా ఆయన నోట్లో ముద్ద పెట్టుకుని నవ్వలేక పొలమారుతుంటాడు.

కేసులవాళ్ళు వచ్చి కూర్చునే ముందుగది సరిగ్గా మా వంటింటికి అవతల ఉంది. నేను కూరలు తరుగుతూ విన్న కథలన్నీ రాస్తే అటక నిండుతుంది. కానీ ఎన్నేళ్ళు విన్నా ఒక్క మాట మాత్రం వినపడలేదు. "నువ్వు చేశావా?" అని ఆయన ఎవర్నీ అడగడు. "ఆ రోజు లేచిన దగ్గర్నుంచి చెప్పు" అంటాడు. వాళ్ళు పళ్ళు తోముకోవడం దగ్గర మొదలుపెడతారు, ఈయన ఊఁ కొడుతుంటాడు. అసలు సంగతి వచ్చేసరికి నా చేతిలో కత్తి ఆగిపోతుంది గానీ, ఆయన మాత్రం, "ఆ తర్వాత ఏ పక్కకి నడిచావు?" అని దాటేస్తాడు.

"చేశావా అని ఒక్క ముక్క అడగవేం తమ్ముడూ? నాకిక్కడ ప్రాణం పోతోంది" అన్నాను ఒకరోజు, నేను వింటానన్న సంగతి దాచుకోకుండా.

"చేశానన్నా, చేయలేదన్నా నా పని ఒకటేనక్కయ్యా. వాళ్ళు తెచ్చిన సాక్ష్యం నిలుస్తుందో లేదో చూడటం."

"నీకు తెలుసుకోవాలని ఉండదూ?"

"ఉండదు."

అలాంటి మనిషి పక్కింట్లో నాలాంటి దాని కాపురం పెట్టించాడంటే దేవుడికి హాస్యం పాలు ఎక్కువే.

గెలిచేవి తక్కువ, ఓడేవి ఎక్కువ. ఓడిన రోజు సాయంత్రం ఇంటికొచ్చి, నల్లకోటు విప్పకుండానే పెరట్లోకి వెళ్ళి మొక్కలకి నీళ్ళు పోస్తాడు. నీళ్ళ చప్పుడు వినగానే ఇటు మేం అనుకుంటాం, ఇవాళ ఎవరో లోపలికి పోయారని. గెలిచిన రోజు ఏ చప్పుడూ ఉండదు. టీ తాగి పేపరు చదువుకుంటాడు. విడుదలైనవాళ్ళు దారిలో కనిపిస్తే చాలామంది తల తిప్పేసుకుంటారు. దొంగల ప్లీడరుకి నమస్కారం పెడితే మనమేంటో నలుగురికీ తెలిసిపోతుందిగా మరి! నాకు ఒళ్ళు మండేది. ఆయనకి మండదు. "తిప్పుకునే తల బయట ఉందిగా అక్కయ్యా, చాలు" అంటాడు.

ఇలా మాట పైకి రాకుండా సాగిపోతున్న మనిషిని కాస్త కుదిపింది ఆయా కేసే.

ఆయా అంటే మంచాన పడ్డవాళ్ళని కనిపెట్టుకుని ఉండే మనిషి. భుజాలు బలంగా, గొంతు అంతకంటే బలంగా ఉంటుంది. మా వీధి చివర ఇనపగేటు మేడలో కాంట్రాక్టరు ఉంటాడు. ఆయన తల్లికి నడుం కింద కదలిక పోయి చాలాకాలమైంది. ఆ పెద్దావిడని చూసుకోవడానికి ఆయాని పెట్టుకున్నారు. పెద్దావిడ గది మేడమీద. దాని పక్కదే కోడలి గది, అంటే ఇంటావిడది.

ఒకరోజు పొద్దున ఇంటావిడ గదిలో బీరువా బార్లా తెరిచి ఉంది. అందులో ఉండాల్సిన గొలుసు లేదు. ఆవిడ మెట్ల మధ్యలోకొచ్చి నిలబడి, ఇల్లంతా వినపడేలా కేకేసింది. పైన గదిలోంచి ఆయా, "నేనే తీశానమ్మా!" అంది.

కింద వంటమనిషి విన్నాడు, గుమ్మంలో డ్రైవరు విన్నాడు, గడ్డం గీసుకుంటున్న కాంట్రాక్టరు విన్నాడు. పోలీసులొచ్చి ఆయా సామానంతా తిరగేశారు. గొలుసు లేదు. లేకపోతేనేం, అందరి ముందూ ఒప్పుకుందిగా! తీసుకెళ్ళారు. తర్వాత తమ్ముడే బెయిలు తెప్పించాడు.

బయటికొచ్చిన మర్నాడు ఆయా ముందుగదిలో కూర్చుంది. ఇటు నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చున్నాను.

"నేనే తీశాను అన్నావా?" అన్నాడు తమ్ముడు.

"అన్నాను బాబుగారూ."

నా చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది.

"ఆవిడ ఏమడిగితే అన్నావు?"

"ఎవరు తీశారు అన్నారు. నేనే తీశాను అన్నాను."

"ఏం తీశావు?"

"కిటికీ. పెద్దావిడ గదిలో కిటికీ. పొద్దున్నే గాలి కావాలంటుంది ఆవిడ, తియ్యమంటుంది. చల్లగాలికి దగ్గొస్తుంది ముయ్యమంటుంది ఇంటావిడ. అత్తకీ కోడలికీ మధ్య ఆ కిటికీ రెక్కలతో పాటు నేనూ ఊగుతుంటాను. రోజూ మెట్ల మీంచి ఎవరు తీశారు అని అరవడం, నేనే తీశానమ్మా అనడం. ఆ రోజు కూడా అదే అనుకున్నా."

నేను చిక్కుడుకాయలు పక్కన పెట్టి ఆలోచనలో పడ్డాను. తలుపు తీస్తాం, పెట్టెలోంచి చీర తీస్తాం, ఫొటో తీస్తాం, ఈనెలు తీస్తాం, పరువు తీస్తాం, ప్రాణం తీస్తాం. ఒక్క మాటకి ఎన్ని పనులు అప్పగించామో! పైగా కోపంలో ఉన్నప్పుడు ఏం తీశారో చెప్పే ఓపిక ఎవరికుంటుంది? మా ఇంట్లోనూ అంతేగా, "ఎక్కడ పెట్టారు?" అని అరుస్తాను, కళ్ళజోడో తాళంచెవో మా ఆయనే అర్థం చేసుకోవాలి.

గోడ అవతల ఆయా గొంతు తగ్గింది. "బాబుగారూ, జైలంటే ఉండొచ్చాను, దాని సంగతి వదిలెయ్యండి. నేను దొంగని కానని అనిపించండి. నా పని నలుగురి ఇళ్ళల్లో, పడగ్గదుల్లో. దొంగ అన్న పేరుంటే గేటు దగ్గరే ఆపేస్తారు. ఇంకో పని చేతకాదు నాకు."

"కోర్టు అలా చెప్పదమ్మా. దొంగ అని తేలలేదు, ఇంటికి పో అంటుంది. అంతవరకే నా చేతిలో ఉంది."

"ఆ రెండూ ఒకటి కావా?"

నేను ఇవతల్నుంచి "కావే తల్లీ" అనబోయి, నోరు నొక్కుకున్నాను.

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళి కూర్చున్నాను. "నన్ను సాక్షిగా వేయించు తమ్ముడూ."

"మీరు ఆ రోజు ఆ ఇంట్లో ఉన్నారా?"

"లేను."

"వీధిలోంచి విన్నారా?"

"లేదు. అయినా నేను బాగా చెప్పగలను."

మరదలు చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తమ్ముడు మాత్రం నవ్వకుండా, "చూడటానికి రండక్కయ్యా. ఒకటే షరతు. నోరు విప్పకూడదు" అన్నాడు. ఆ షరతు విని మా ఆయన, "నేనూ వస్తాను, ఆ వింత చూడాలి" అన్నాడు.

కోర్టంటే నేను పెద్ద గది, బల్ల గుద్దుడు, కేకలు అనుకున్నాను. తీరా చూస్తే మా వీధి బడి గదంత ఉంది. సున్నం పెచ్చులూడిన గోడలు, నెమ్మదిగా తిరిగే పంకా, తాళ్ళతో కట్టిన కాగితాల కట్టలు. వసారాలో బెంచీల మీద జనం ఆస్పత్రిలో కూర్చున్నట్టు కూర్చుని ఉన్నారు. బంట్రోతు తలుపు దగ్గర నిలబడి పేర్లు పిలుస్తుంటే, నిద్రపోయేవాళ్ళు ఉలిక్కిపడి లేచి, మాది కాదని మళ్ళీ కూర్చుంటున్నారు. జడ్జిగారు మా చిన్నకోడలి వయసు పిల్ల. ముక్కు మీదకి జారిన కళ్ళద్దాల పైనుంచి చూస్తుంది. తమ్ముడి కోటు మోచేతుల దగ్గర అరిగి మెరుస్తోంది. ఇంట్లో కనిపించే మనిషే, కానీ అక్కడ ఇంకాస్త చిన్నగా మాట్లాడుతున్నాడు. వినాలంటే అందరూ నోళ్ళు మూసుకోవాలి. అదీ కిటుకేనేమో.

ఆయా ఒక మూల కటకటాల దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది. ఎప్పుడూ ఎవర్నో ఒకర్ని ఎత్తుతూ, తిప్పుతూ ఉండే చేతులవి. కట్టుకోవడం కుదరక, విప్పుతూ మళ్ళీ కట్టుకుంటూ ఉంది.

ఇంటావిడ బోనెక్కింది. సర్కారు ప్లీడరు అడిగినవాటికి గడగడా చెప్పింది. "గొలుసు ఎవరు తీశారని అడిగానండి. నేనే తీశానని ఒప్పుకుంది" అంది. గదిలో అందరూ ఆయా వైపు చూశారు. నా పక్కనున్నావిడ, ఎవరో ఏమో, "అయిపోయింది దీని పని" అని నాతో అంది. షరతు గుర్తొచ్చి నేను తలూపి ఊరుకున్నాను.

తమ్ముడు లేచాడు. "నమస్కారమమ్మా. మీ అత్తగారి దగ్గు ఎలా ఉంది?"

"దగ్గుకీ దొంగతనానికీ సంబంధమేంటండీ?" అన్నాడు సర్కారు ప్లీడరు.

"అక్కడికే వస్తున్నాను" అన్నాడు తమ్ముడు. జడ్జిగారు కానివ్వమన్నట్టు చెయ్యి ఊపింది.

"అలాగే ఉందండీ" అంది ఇంటావిడ.

"చల్లగాలి పడదు కదా."

"పడదండి. కిటికీ మూసి ఉంచమని చెప్పి చెప్పి నా గొంతు అరిగిపోయింది. ఎప్పుడు చూసినా తీసే ఉంటుంది."

"తీసి ఉంటే మీరేం చేస్తారు?"

"ఏం చేస్తాను, కేకలేస్తాను."

"ఏమని?"

"ఎవరు తీశారని..." అంటూ ఆవిడ ఆగింది. తమ్ముడు ఏమీ విననట్టు ఫైలు కట్ట సర్దుకున్నాడు.

"ఆ రోజు సంగతి చెప్పండమ్మా. బీరువా తెరిచి ఉండటం చూశారు. గొలుసు లేదు. మెట్ల మీదకొచ్చారు. కోపంగా ఉన్నారా?"

"ఉండనా మరి?"

"ఉంటారు. నేనైనా ఉంటాను. ఆ కోపంలో మీ నోటినుంచి వచ్చిన మాటలు వచ్చినట్టే ఒక్కసారి చెప్పండి. అరవక్కర్లేదు. మాటలు అవే అయితే చాలు."

"చెప్పానుగా! గొలుసు ఎవరు తీశారని..."

"అది ఇవాళ నింపాదిగా చెబుతున్న మాట. మెట్ల మీది మాట చెప్పండి."

సర్కారు ప్లీడరు మళ్ళీ లేచాడు. "సాక్షి ఒకసారి చెప్పాక మళ్ళీ మళ్ళీ అడగడం..."

"ఆలోచించుకోనివ్వండి" అంది జడ్జిగారు.

ఇక తమ్ముడు ఏం చేశాడంటే, ఏమీ చేయలేదు. కళ్ళజోడు తీసి కోటు అంచుతో తుడుచుకుంటూ నిలబడ్డాడు. పంకా తిరుగుతోంది. ఇంటావిడ నోరు తెరిచింది, మూసింది. కళ్ళు మూసుకుంది. పాపం, మెట్ల మీదకి వెళ్ళి నిలబడి చూసుకుంటోందని నాకు తెలిసింది. కళ్ళు తెరిచి ఆయా వైపు చూసింది.

"గొలుసు అన్న మాట అనలేదేమోనండి."

"ఏమో వద్దమ్మా. అన్నారా, అనలేదా?"

"అనలేదు. ఎవరు తీశారు అన్నాను. అంతే."

"ఆ తర్వాత అత్తగారి గదిలోకి వెళ్ళారా?"

"వెళ్ళాను."

"కిటికీ ఎలా ఉంది?"

"తీసుంది."

"అంతేనమ్మా, ఇంకేం లేదు" అని కూర్చున్నాడు.

నాకు అరవాలనిపించింది. అసలు ప్రశ్న మిగిలిపోయిందే! అయితే కిటికీ గురించే అన్నదేమో కదా అని ఒక్క ముక్క అడగడానికి ఏం రోగం? ఆయన అడగలేదు. వంటమనిషి వచ్చినప్పుడు మాత్రం, "ఎవరు తీశారన్న కేక ఆ ఇంట్లో అదే మొదటిసారా?" అన్నాడు. వంటమనిషి పళ్ళికిలించి, "రోజూ ఆ కేకతోనే స్టవ్ వెలిగిస్తానండి" అన్నాడు. జడ్జిగారు కూడా పెదవి బిగబట్టుకుంది.

తిరిగొచ్చేటప్పుడు దారంతా దులిపేశాను తమ్ముణ్ణి. "ఆ ఒక్కటీ ఎందుకు వదిలేశావు?"

"నేనడిగితే ఆవిడ, ఏమో దాని మనసులో ఏముందో నాకేం తెలుసు అంటుందక్కయ్యా. అనడం న్యాయం కూడా. అది జడ్జిగారు తనకి తాను వేసుకోవాల్సిన ప్రశ్న."

జడ్జిగారు వేసుకున్నట్టే ఉంది. ఆ మాట గొలుసు గురించే అన్నదని నమ్మకంగా చెప్పలేం, వేరే సాక్ష్యం లేదు, కాబట్టి విడుదల అని తీర్పు చదివింది. ఆయా కటకటాల దగ్గర్నుంచి కదలకుండా, "అంటే నేను తీయలేదన్నట్టేనా బాబుగారూ?" అంది.

"నువ్వింటికి వెళ్ళొచ్చమ్మా" అన్నాడు తమ్ముడు.

వీధిలో ఏమన్నారో చెప్పాలా? దొంగల ప్లీడరు దొంగని కిటికీలోంచి దాటించేశాడు అన్నారు. అన్నవాడు మా ఎదురింటి రిటైరు గుమాస్తా. ఆ మాట తనకే బాగా నచ్చి, వచ్చినవాళ్ళకీ పోయినవాళ్ళకీ చెప్పాడు. గొలుసు ఎవరు పట్టుకుపోయారో ఇప్పటికీ తేలలేదు. తేలకపోతే పేరు ఎవరికి అంటుకుని ఉంటుంది? ఆయాకే. ఒక్క ఇల్లు పిలవలేదు. పిలవబోయినవాళ్ళు కూడా ఎక్కడో విని, రావద్దని కబురు పెట్టారు.

ఆవిడ అప్పుడప్పుడూ తమ్ముడి గుమ్మం ముందుకొచ్చి మెట్టు మీద కూర్చునేది. నిష్ఠూరమాడటానికి కాదు. ఎక్కడికి వెళ్ళాలో తెలియక. తమ్ముడు లోపలికి పిలిచి కుర్చీ వేసేవాడు, మరదలు టీ ఇచ్చేది. చెప్పుకోవడానికి ఏముంటుంది? ఆవిడ కప్పు కడిగి బోర్లించి వెళ్ళిపోయేది. ఆమె వెళ్ళాక పెరట్లో నీళ్ళ చప్పుడు వినపడేది. గెలిచిన కేసుకి ఆయన మొక్కలకి నీళ్ళు పోయడం అదే మొదలు.

అలా ఉండగా మా ఆయన బాత్రూములో జారి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆస్పత్రిలో ఏదో కడ్డీ వేసి, కట్టు కట్టి, కదలకూడదని ఇంటికి పంపారు. మనిషి చూడటానికి సన్నమే గానీ పక్కకి తిప్పాలంటే నా వల్ల కాలేదు. ఏజెన్సీ వాళ్ళు ఒక అమ్మాయిని పంపారు. ఆ పిల్ల ఫోను చూసుకుంటూ ఒక చేత్తో తిప్పబోతే ఈయన అరిచిన అరుపుకి గోడ అవతల్నుంచి తమ్ముడు పరిగెత్తుకొచ్చాడు. ఆ పిల్లని ఆ పూటే పంపించేశాం.

"ఆయాని పిలుద్దాం" అన్నాను.

మా పెద్దకోడలు నా మొహంలోకి చూసింది. "అత్తయ్యా, మామయ్యగారి గదిలోనే ఉంది మన బీరువా."

దాని మాట తీసిపారెయ్యడానికి లేదు. గోడ చుట్టూ తిరిగి తమ్ముడి దగ్గరికి వెళ్ళాను. "తమ్ముడూ, ఈ ఒక్కసారికి నీ పద్ధతి పక్కన పెట్టు. ఆయా గొలుసు తీసిందా, లేదా?"

"నాకు తెలియదక్కయ్యా. నేనడగలేదు."

"పోనీ ఇప్పుడడుగు."

"మీకు కావాల్సింది అది కాదుగా. ఆవిణ్ణి ఇంట్లో పెట్టుకోవచ్చా అన్నది కదా మీ ప్రశ్న?"

"సరే, అదే అనుకో. పెట్టుకోవచ్చా?"

"నన్నడిగితే లాభం లేదు. నేను ఆవిడ ప్లీడర్ని. నేను మంచిదంటే వీధి నవ్వుతుంది, మీ కోడలు కూడా నమ్మదు. ఈ వీధిలో ఆవిడ గురించి చెల్లే మాట ఒక్కరిదే ఉంది. వెళ్ళి ఆ ఇంటావిణ్ణి అడగండి."

"కేసు పెట్టినావిణ్ణా? నీకు మతి పోయిందా?"

"ఆ రోజు బోనులో ఆవిడ అనలేదు అన్నదే, ఆ మాట అనకుండా ఉండొచ్చు అక్కయ్యా. కావాలంటే అబద్ధం మీదే నిలబడి ఉండొచ్చు. నిలబడలేదు. అడిగి చూడండి." మళ్ళీ తనే, "నేను వెళ్ళలేను. ప్లీడరు వెళ్ళి అడిగితే బెదిరించినట్టుంటుంది. మీరైతే ఎక్కడికైనా వెళ్ళి ఏదైనా అడుగుతారు" అన్నాడు. అది పొగడ్తో కాదో నేను ఆలోచించుకోలేదు. చెప్పులేసుకున్నాను.

ఇంటావిడ గేటు దగ్గరికి తనే వచ్చింది. లోపలికి రమ్మంది గానీ మొహం బిగుసుకుపోయి ఉంది. నేను గేటు పట్టుకుని అక్కడే నిలబడ్డాను.

"మీ దగ్గర చేసిన ఆయాని మా ఆయనకి పెట్టుకుందామనుకుంటున్నానమ్మా. ఎలా చేసేదో నీకు తెలిసినట్టు ఎవరికి తెలుస్తుంది?"

"గొలుసు ఇంకా దొరకలేదు పిన్నిగారూ."

"గొలుసు సంగతి అడగలేదు. పని సంగతి అడిగాను."

"మా ఆయన వింటే ఊరుకోరు..."

"మీ ఆయన్నీ అడగలేదు."

ఆవిడ మేడమీది కిటికీ వైపు ఒకసారి చూసింది. మూసి ఉంది. గాజు వెనకాల ఎవరూ కనపడటం లేదు. "ఆవిడ ఉన్నన్నాళ్ళూ మా అత్తగారి వీపు మీద ఒక్క పుండు పడలేదు. ఇప్పుడు రోజూ మందు రాస్తున్నాను. ఎత్తి కూర్చోబెడితే పిల్లని ఎత్తినట్టుండేది. ఆవిడ నోరు పెద్దది, నాదీ పెద్దదే. అంతే గానీ..." అని మింగేసింది. "గొలుసు తీసిందో లేదో నాకు తెలియదు పిన్నిగారూ. ఒట్టేసి చెబుతున్నా, తెలియదు. తీసిందని చెప్పడానికి మాత్రం నాకిప్పుడు నోరు రావట్లేదు. పెట్టుకోండి."

"నువ్వు పెట్టుకోమన్నావని ఎవరడిగినా చెప్పొచ్చా?"

ఆవిడ గేటు గడియ వేసి, మళ్ళీ తీసింది. "చెప్పండి" అంది.

వీధికి ఒక మాట చెప్పే పని నాకప్పగించాక ఇక అడగాలా! కూరగాయల బండి దగ్గర చెప్పాను, పాల కేంద్రం దగ్గర చెప్పాను, కుట్టుమిషను ఆవిడకి చెప్పాను. రిటైరు గుమాస్తా దగ్గర ఆగి, ఆయన కిటికీ ముక్క మొదలెట్టే లోపే, "ఆ ఇంటావిడే పెట్టుకోమంది, తెలుసా అన్నయ్యగారూ?" అన్నాను. ఆయన ఆకాశం వైపు చూసి, వానొచ్చేలా ఉందన్నాడు. ఇంటికొచ్చి పెద్దకోడలికి చెప్పాను. అది, "ఆవిడే అందా?" అని రెండుసార్లు అడిగి, వెనకగదిలో చాప, దుప్పటి సర్దింది.

మర్నాడు పొద్దున ఆయా వచ్చి గేటు బయటే నిలబడింది. "లోపలికి రావేం?" అన్నాను.

"పిలుస్తారని."

"పిలిచాకే వచ్చావుగా!"

అప్పుడు గేటు దాటింది. చేతులు కడుక్కుని, నేరుగా మంచం దగ్గరికి వెళ్ళి, మా ఆయన్ని కిందనుంచి పైదాకా చూసింది. ఒక మోకాలు మంచం మీద ఆన్చి, ఒక చెయ్యి భుజం కింద, ఒకటి నడుం కింద పెట్టింది. మా ఆయన అలవాటుగా అరవడానికి ఊపిరి పీల్చుకున్నాడు.

"అరవకండి పెద్దాయనా. అరిస్తే మనిషి బరువు పెరుగుతాడు."

ఆయన నమ్మి నోరు మూసుకున్నాడు. ఎప్పుడు తిప్పిందో తెలియకుండా పక్కకి తిరిగిపోయాడు. కాపురానికొచ్చిన ఇన్నేళ్ళలో ఆ మనిషిని అంత తేలిగ్గా ఒక మాట మీద తిప్పడం నాకు చేతకాలేదు.

వారం తిరక్కుండా పాల కేంద్రం వాళ్ళు అడిగారు, వాళ్ళ నాన్నకి కూడా ఈవిణ్ణి పంపుతారా అని. మా ఆయన లేచి నడిచేదాకా కదిలేది లేదన్నాను. ఆయా లోపల్నుంచి విని, "అది నేను చెప్పుకుంటానుగా అమ్మా, నన్నడగనివ్వండి" అంది. చెప్పుకోనిచ్చాను.

నేను ఆవిణ్ణి ఆ ఒక్క ప్రశ్నా అడగలేదు. ఉబలాటం లేక కాదు. అడిగితే ఏం వింటానో, విన్నాక ఏం చేస్తానో తెలియక ఊరుకున్నాను.

ఆదివారం తమ్ముడు మా ఆయన్ని చూడటానికి వచ్చాడు. మంచం పక్కన కుర్చీ వేసుకుని, కేసు వాయిదాల సంగతేదో మొదలెట్టాడు. ఆయా ఉతికిన దుప్పటి చేత్తో పట్టుకుని లోపలికొచ్చింది. ఆయన కుర్చీ దారికడ్డంగా ఉంది.

"బాబుగారూ, కాస్త అవతలికి జరగండి. నా పనికి అడ్డం."

తమ్ముడు గబుక్కున లేచి, కుర్చీ ఎత్తి గోడవారకి పెట్టుకుని, టీ కప్పుతో అక్కడే నిలబడ్డాడు. ఆవిడ ఆయన వైపు చూడను కూడా లేదు. దుప్పటి నాలుగు మూలలూ బిగించి లాగింది.